వృత్తికి జర్మన్ – పునాదికి తెలుగు

విద్య కోసం, వృత్తి కోసం దేశాంతరం వెళ్లడం తెలుగువారికి కొత్త కాదు. పూర్వం తర్కవ్యాకరణాలు అభ్యసించగోరినవారు కాశికి, నవద్వీపానికి పయనమయ్యేవారు. ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో వైద్యులు, ఇంజనీర్లు ఇంగ్లండుకూ అమెరికాకూ వెళ్లారు. ఇప్పుడు ఆ దారి జర్మనీ వైపు కూడా మళ్లింది. 2022-23 శీతకాల సెమిస్టరు నాటికి జర్మనీలో చదువుతున్న విదేశీ విద్యార్థుల్లో భారతీయులు చైనీయులను దాటి ప్రథమస్థానానికి చేరారు. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాల సంఖ్యను 20,000 నుంచి 90,000కు పెంచనున్నట్లు 2024 అక్టోబరులో జర్మన్ ప్రభుత్వం ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ అయిన టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాషలో శిక్షణ ఇప్పిస్తోంది.

ఇలా వెళ్లదలచిన యువతలో చాలామంది ప్రయాణానికి కావలసిన సరంజామానంతా జాబితా వేసుకొని మరీ సర్దుకుంటారు. భాషను మాత్రం “అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చులే” అని వాయిదా వేస్తారు. మరికొందరు వీసాకు కావలసిన ధ్రువపత్రం కోసం కొన్ని వారాలపాటు ప్రశ్నలూ జవాబులూ బట్టీపట్టి, పరీక్ష ముగిసిన మరునాడే మరచిపోతారు. ఈ రెండు మార్గాలూ నష్టదాయకమే. జర్మనుల మధ్య పనిచేయదలచినవారు ఆ భాషలో ప్రాథమిక పరిజ్ఞానాన్ని ఇక్కడినుంచే సంపాదించుకొని వెళ్లాలి. ఆ సాధనలో ఆంగ్లం మీద మాత్రమే ఆధారపడక, మాతృభాష అయిన తెలుగును మెట్టుగా చేసుకోవాలి. తెలుగు వృత్తికి పనికిరాదని భావించే విద్యార్థులకు ఈ రెండో మాట వింతగా తోచవచ్చు. కాని విచారించి చూస్తే అందులోని వాస్తవం బోధపడుతుంది.

ఆంగ్లం చాలదా?

జర్మనీలోని పెద్ద సంస్థల్లో, ప్రత్యేకించి సాఫ్ట్‌వేర్ రంగంలో, ఆంగ్లంతోనే పని నడుస్తుందని ఒక వాదం. అది కొంతవరకు నిజమే. సమావేశం ఆంగ్లంలో జరగవచ్చు. అయితే సమావేశానికి ముందు జరిగే పలకరింపు, తరువాత భోజనశాలలో సాగే సంభాషణ, కర్మాగారంలో కార్మికుడు వేసే కేక, ఇంటి యజమాని రాసే ఉత్తరం, నివాస నమోదు కార్యాలయంలో ఇచ్చే దరఖాస్తు – ఇవన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. పైగా ఆ దేశపు పరిశ్రమకు ఆయువుపట్టయిన చిన్న, మధ్యతరహా సంస్థలు అనేకం చిన్న పట్టణాల్లో ఉన్నాయి. అక్కడ ఆంగ్లంతోనే నెట్టుకురావడం కష్టం. ఆంగ్లమాధ్యమంలో పైచదువు ముగించుకొన్న విద్యార్థికి ఉద్యోగప్రకటనలు చూసినప్పుడుగాని ఈ లోపం తెలిసిరాదు. అప్పటికి రెండేళ్లు గడిచిపోతాయి.

చేతిలోని ఫోను అనువాదం చేసిపెడుతుంది కదా అన్నది మరో వాదం. ఉత్తరాన్ని చదివించుకోవడానికి, వస్తువు మీది వివరాలు తెలుసుకోవడానికి అది మేలైన సాధనమే. కాని అర్ధరాత్రి వేళ ఆసుపత్రి వార్డులో బాధతో మూలిగే వృద్ధురాలు ఫోను తెరిచేదాకా ఆగలేదు. యంత్రం పక్కన నిలబడిన పనివాడు “ఫోర్‌జిష్ట్!” అని అరిస్తే, అది ‘జాగ్రత్త’ అనే హెచ్చరిక అని ఆ క్షణంలోనే తెలియాలి. వృత్తిలో భాష సౌకర్యం మాత్రమే కాదు. కొన్ని సందర్భాల్లో ప్రాణరక్షణ కూడా.

తొలి మెట్టు ఎంత ఎత్తు?

ఐరోపా దేశాల్లో భాషాపరిజ్ఞానాన్ని ఆరు స్థాయిలుగా విభజించారు. 2001లో ప్రచురితమైన ఉమ్మడి ప్రమాణం ప్రకారం అవి ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2. మొదటిదైన ఎ1 స్థాయికి సుమారు 650 పదాలు చాలు. తన్ను తాను పరిచయం చేసుకోవడం, పేరులోని అక్షరాలు చెప్పడం, అంకెలు, తేదీలు, వేళలు గ్రహించడం, మర్యాదగా అడగడం, అర్థం కానప్పుడు మళ్లీ చెప్పమని కోరడం – ఈ స్థాయిలో నేర్చేవి ఇవే. ఉద్యోగాన్వేషణకు వీలు కల్పిస్తూ 2024 జూన్ 1న అమలులోకి వచ్చిన ‘షాన్సెన్‌కార్టె’ అనే అవకాశపత్రానికి ఎ1 స్థాయి జర్మన్‌గాని, బి2 స్థాయి ఆంగ్లంగాని ఉండాలన్నది ఒక నిబంధన.

ఈ మెట్టు విలువను తగ్గించనూ కూడదు, పెంచనూ కూడదు. ఎ1తో ఒప్పందాలు కుదుర్చుకోవడం సాధ్యం కాదు. జర్మనీలో వైద్యవృత్తి చేపట్టదలచినవారు సి1 స్థాయిలో వైద్యభాషాపరీక్షను ప్రత్యేకంగా ఉత్తీర్ణులు కావలసి ఉంటుంది. కనుక ఎ1 గడప వంటిది. గడపలో నిలబడి ఇల్లంతా చూశానని చెప్పరాదు. గడప దాటకుండా ఇంట్లోకి పోనూ లేరు.

పేరు చెప్పడంలోనే పరీక్ష

వృత్తిజీవితంలో తొలి పాఠం పేరు చెప్పడం. తెలుగువారికి ఇందులోనే చిక్కు ఉంది. జర్మన్ దరఖాస్తులో ‘ఫోర్‌నామె’, ‘నాఖ్‌నామె’ అని రెండు గడులు ఉంటాయి. మొదటిదానికి ‘ముందరి పేరు’ అని, రెండోదానికి ‘తరువాతి పేరు’ అని పదార్థం. తెలుగువారికి ముందు వచ్చేది ఇంటిపేరు. కనుక తెలియనివారు ముందరి పేరు గడిలో ఇంటిపేరు రాసేస్తారు. జర్మన్ సంప్రదాయంలో ఆ గడి వ్యక్తి పేరుకు ఉద్దేశించినది. కార్యాలయంలో సహోద్యోగిని ఇంటిపేరుతో పిలవడం మర్యాద కనుక, గడులు తారుమారైతే ఆ ఉద్యోగిని అందరూ తప్పు పేరుతోనే గౌరవిస్తుంటారు.

అక్షరాలు చెప్పడంలోనూ ఇటువంటి ప్రమాదమే ఉంది. జర్మన్‌లో మొదటి అక్షరం పేరు ‘ఆ’. ఆంగ్లంలో ‘ఈ’ అని పలికే అక్షరం అక్కడ ‘ఏ’. ఆంగ్లంలో ‘ఐ’ అనే అక్షరం అక్కడ ‘ఈ’. రావు అనే ఇంటిపేరు గల యువకుడు టెలిఫోనులో ఆంగ్లపద్ధతిలో “ఆర్, ఏ, ఓ” అని చెబితే, వినే జర్మన్ ఉద్యోగి రెండో అక్షరాన్ని మరొకటిగా రాసుకుంటాడు. ఆ పొరపాటు బ్యాంకు ఖాతాకో, వేతనపత్రానికో చేరితే దానిని సరిదిద్దుకోవడానికి నెలలు పట్టవచ్చు. ఒక్క రోజు శ్రమతో నేర్వదగిన వర్ణమాల అంతటి ఇబ్బందిని తప్పిస్తుంది.

అంకెలు, వేళలు

జర్మన్ అంకెలు వినేవారిని తికమకపెడతాయి. ఇరవై ఒకటిని వారు ‘ఒకటీ-ఇరవై’ అన్న క్రమంలో చెబుతారు. నలభై ఏడు ‘ఏడూ-నలభై’ అవుతుంది. విన్నది విన్నట్లు ఎడమనుంచి రాసుకుంటూ పోతే 47 కాస్తా 74గా మారుతుంది. ధర విషయంలో అది ఎంత నష్టమో చెప్పనక్కరలేదు. అయితే ఈ క్రమం తెలుగు విద్యార్థికి బొత్తిగా అపరిచితమా? వినాయకచవితినాడు చేసే ఏకవింశతి పత్రపూజలో ‘ఏక’ ముందు, ‘వింశతి’ తరువాత. అష్టాదశ పురాణాలన్నప్పుడు ‘అష్ట’ ముందు, ‘దశ’ తరువాత. జర్మన్‌లో పద్దెనిమిదిని ‘ఆఖ్‌త్సేన్’ అంటారు. అందులోనూ ఎనిమిది ముందు, పది తరువాత. పండుగనాడు నోట పలికే సంఖ్యను గుర్తుచేసుకొంటే ఈ కొత్త క్రమంలో భయపడవలసిందేమీ ఉండదు.

రాతలో మరొక జాగ్రత్త అవసరం. జర్మన్‌లో వేల స్థానాన్ని చుక్కతో, దశాంశాన్ని కామాతో గుర్తిస్తారు. అక్కడ 1.250 అంటే వెయ్యిన్నూట యాభై కాదు, ఒకటింబావు అంతకంటే కాదు. అది వెయ్యీ రెండువందల యాభై. 1,250 అని రాస్తేనే ఒకటింబావు. ధరల పట్టికనుగాని, యంత్రభాగాల కొలతనుగాని చూసేవారు ఈ తేడాను ముందే గ్రహించాలి.

వేళ చెప్పడంలో ‘హల్ప్ డ్రై’ అనే ప్రయోగం ఉంది. హల్ప్ అంటే సగం, డ్రై అంటే మూడు. తెలుగు అలవాటును బట్టి మూడున్నర అనుకొంటే సమావేశానికి గంట ఆలస్యమైనట్లే. మూడో గంటలో సగం గడిచిందని దాని భావం, అంటే రెండున్నర. ముందుగా నిర్ణయించుకొన్న కలయికను జర్మనులు ‘టెర్మీన్’ అంటారు. దానికి వేళ తప్పడం ఎదుటివారి కాలాన్ని అగౌరవపరచడమని వారి భావన.

తెలుగు చూపే దారి

ఇంతవరకు చెప్పినవి చిక్కులు. ఇక తెలుగువారికి సహజంగా ఉన్న అనుకూలతలను చూడవలసి ఉంది.

మొదటిది ఉచ్చారణ. ‘ఒఫెన్’ అంటే తెరచి ఉన్నది. ‘ఓఫెన్’ అంటే పొయ్యి. హ్రస్వ ఒకారానికీ దీర్ఘ ఓకారానికీ గల ఈ భేదం సంస్కృతంలో లేదు. తెలుగు పిల్లవాడు దాన్ని ఓనమాలతోనే నేర్చుకుంటాడు. అలాగే ‘ష్టట్’ అంటే నగరం, ‘ష్టాట్’ అంటే రాజ్యం. జర్మన్‌లో సంఖ్యను తెలిపే ‘త్సాల్’ అనే మాట మొదటి ధ్వని, తెలుగులో ‘చాలు’, ‘చాప’ అన్నప్పుడు పలికే దంత్య చకారమే. ఆంగ్లపదాల మొదట ఆ ధ్వని సాధారణంగా రాదు. తెలుగునోటికి అది పుట్టుకతో వచ్చినది. పెదవులను గుండ్రంగా చుట్టి పలకవలసిన రెండు మూడు జర్మన్ అచ్చులను మాత్రం విని, పలికి అభ్యసించాలి.

రెండోది వాక్యనిర్మాణం. చలి వేసినప్పుడు ఆంగ్లంలో ‘నేను చల్లగా ఉన్నాను’ అన్న ధోరణిలో వాక్యం నడుస్తుంది. జర్మన్‌లో ‘మీర్ ఇస్ట్ కాల్ట్’ అంటారు. మీర్ అంటే ‘నాకు’. ‘నాకు చలిగా ఉంది’ అనే తెలుగు వాక్యానికి ఇది సన్నిహితమైన బంధువు. కడుపులో తిప్పుతున్న రోగి ‘మీర్ ఇస్ట్ ష్లెష్ట్’ అంటాడు. ‘నాకు బాగాలేదు’ అన్న మాటకు అది దగ్గరిది. ‘ఇది నాకు నచ్చింది’ అనడానికి ‘డాస్ గెఫెల్ట్ మీర్’ అంటారు. ఆంగ్లం ద్వారా ఈ వాక్యాలను నేర్చేవారు నియమాన్ని కంఠస్థం చేయాలి. తెలుగులో ఆలోచించేవారికి ‘కు’ ప్రత్యయం తెలిస్తే చాలు. ఉపవాక్యాల్లో జర్మన్ క్రియ వాక్యాంతానికి పోతుంది. అదీ తెలుగు స్వభావమే. ప్రధానవాక్యంలో మాత్రం క్రియ రెండో స్థానంలో ఉంటుందని గుర్తుంచుకోవాలి.

మూడోది సమాసాలు. జర్మన్‌లో పొడవాటి పదాలను చూసి అమెరికన్ రచయిత మార్క్ ట్వెయిన్ 1880లో పరిహాసమాడాడు. తెలుగు ప్రబంధాలు తిరగవేసినవారికి అందులో పరిహసించవలసింది కనిపించదు. అనారోగ్యం వల్ల పనికి రాలేని ఉద్యోగికి వైద్యుడిచ్చే ధ్రువీకరణను ‘ఆర్బైట్స్-ఉన్‌ఫేయిష్‌కైట్స్-బెషైనిగుంగ్’ అంటారు. ఆర్బైట్ అంటే పని, బెషైనిగుంగ్ అంటే ధ్రువపత్రం. నడుమనున్న ‘ఉన్-ఫేయిష్-కైట్’ను విడదీస్తే, ‘అ-శక్త-త’ అనే సంస్కృతపదంలోని మూడు భాగాలూ అదే వరుసలో కనిపిస్తాయి. మొత్తం కలిపితే ‘కార్యాశక్తతాపత్రం’. తత్పురుషంలో వలెనే చివరి పదమే ఇక్కడ ప్రధానం. విగ్రహవాక్యం చెప్పడం వచ్చిన విద్యార్థి జర్మన్ ఒప్పందపత్రంలోని పదాన్ని చూసి బెదరడు.

నాలుగోది ఉపసర్గలు. హారం అనే మాటకు ముందు చేరి ఆహారం, విహారం, సంహారం, పరిహారం అనే భిన్నార్థాలను కల్పించేవి ఉపసర్గలే. జర్మన్ క్రియలకూ ఇటువంటివి ఉన్నాయి. ‘జాగెన్’ అంటే చెప్పడం. దానికి ‘త్సూ’ చేరితే అంగీకారం తెలపడం. ‘అప్’ చేరితే రద్దు చేసుకోవడం. వేదభాషలో ఉపసర్గ క్రియకు దూరంగా కూడా నిలవగలిగేది. జర్మన్ ప్రధానవాక్యంలో అది క్రియను విడిచి వాక్యం చివరికి పోతుంది. కనుక సోమవారపు కలయిక ఖాయమైందో, రద్దయిందో తెలియాలంటే ఆఖరి అక్షరం దాకా వినాలి. సగం విని తల ఊపడం వ్యాపారంలో ప్రమాదకరం.

ఇక లింగభేదం. జర్మన్‌లో ఒప్పందం పుంలింగం, బిల్లు స్త్రీలింగం, ధరల ప్రతిపాదన నపుంసకలింగం. బాలిక అనే అర్థమిచ్చే ‘మేడ్‌షెన్’ కూడా నపుంసకమే. దీన్ని చూసి నవ్వేవారు, సంస్కృతంలో భార్య అనే అర్థంలో ‘దారాః’ పుంలింగమని, ‘కళత్రం’ నపుంసకమని గుర్తుచేసుకోవాలి. శబ్దానికి గల లింగం వేరు, అర్థానికి గల లింగం వేరు. ఈ సాదృశ్యాలు కాకతాళీయం కావు. సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిన్, పారశీక, జర్మానిక్ భాషల రూపాలతో పోల్చి 1816లో గ్రంథం ప్రకటించిన ఫ్రాంజ్ బోప్ జర్మన్ పండితుడే. తెలుగు ద్రావిడభాష అయినా, దాని పదసంపదలో సంస్కృతం నిండి ఉండడంవల్ల ఆ బంధుత్వపు ఫలం తెలుగు విద్యార్థికీ దక్కుతుంది.

మర్యాద – మొహమాటం

జర్మన్‌లో ‘డూ’ అంటే నువ్వు, ‘జీ’ అంటే మీరు. ఆంగ్లంలో ఈ భేదం లేదు. తెలుగువారికి ఇది నిత్యవ్యవహారం. కార్యాలయంలో కొత్తవారిని, పెద్దవారిని ‘జీ’ అనే సంబోధించాలి. ‘డూ’ అనుకుందామన్న ప్రతిపాదన వయసులోగాని హోదాలోగాని పెద్దవారినుంచి రావడం ఆచారం. ఈ మధ్య కొన్ని కొత్త సంస్థల్లో అందరూ ‘డూ’ అనుకోవడం పరిపాటి అయింది. అయినా చొరవ తీసుకోకుండా వేచి ఉండడమే క్షేమం. పేరు చివర ‘గారు’ చేర్చినట్లు, వారు ఇంటిపేరుకు ముందు పురుషులకు ‘హెర్’, స్త్రీలకు ‘ఫ్రౌ’ చేరుస్తారు. సెలవు తీసుకొనేటప్పుడు తెలుగువారు ‘వెళ్తాను’ అనక ‘వెళ్లొస్తాను’ అంటారు. జర్మనులూ ‘ఔఫ్ వీడెర్‌జేయెన్’, అంటే మళ్లీ చూసుకుందామనే అంటారు. టెలిఫోనులో మాత్రం ‘చూసుకుందాం’ బదులు ‘విందాం’ అనే పదం వాడతారు.

అయితే మర్యాద ఒక్కటే అయినా మొహమాటం విషయంలో రెండు సమాజాలకూ దూరం ఎక్కువ. తెలుగువాడు కాదనలేక ‘చూద్దాం లెండి’ అంటాడు. ఎదుటి తెలుగువాడు దానిలోని నిరాకరణను గ్రహిస్తాడు. జర్మన్ సహోద్యోగి గ్రహించడు. అర్థం కాకపోయినా ‘యా, యా’ అని తల ఊపితే, పని పూర్తవుతుందన్న వాగ్దానంగా అతడు స్వీకరిస్తాడు. గడువునాటికి పని కాకపోతే, భాష రాకపోవడాన్ని కాక మాట తప్పడాన్ని తప్పుపడతాడు. అందువల్ల ప్రారంభదశలో నేర్వవలసిన వాక్యాల్లో అన్నిటికంటే విలువైనవి రెండు: ‘నాకు అర్థం కాలేదు’, ‘దయచేసి మళ్లీ చెబుతారా?’ వీటిని సిగ్గుపడకుండా పలకగలిగినవాడు తక్కిన భాషను ఆ దేశమే నేర్పగా నేర్చుకుంటాడు. తెలియదని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. తెలిసినట్లు నటించడంలో ఉంది.

ముగింపు

ఈ మార్గంలో ముందు నడిచినవారు లేకపోలేదు. పద్దెనిమిదో శతాబ్దిలో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ క్రైస్తవ మతబోధకుడు మద్రాసులో ఉండి, తన పనికి అవసరమని తెలుగు నేర్చాడు. తెలుగుకు వ్యాకరణం రాసుకొన్నాడు. 1746లో జర్మనీలోని హాలే నగరంలో ఆయన పుస్తకాలు తెలుగు లిపిలో అచ్చయ్యాయి. తెలుగులో తొలి ముద్రిత గ్రంథాలుగా అవి చరిత్రకెక్కాయి. నిఘంటువులు, శబ్దముద్రణలు, శిక్షణాలయాలు ఏవీ లేని కాలంలో ఒక జర్మన్ తెలుగును సాధించగలిగినప్పుడు, ఇన్ని సౌకర్యాలున్న ఈ కాలంలో తెలుగు యువతీయువకులు జర్మన్‌ను సాధించలేమనడం సమంజసం కాదు.

ధ్రువపత్రం వీసా కార్యాలయం దాకా తోడువస్తుంది. ఆ తరువాత తోడువచ్చేది నోటికి వచ్చిన భాషే. విభక్తులు, సమాసాలు, ఉపసర్గలు మార్కుల కోసం చదివి వదిలేసే విషయాలు కావు. వాటిని ఇంటి భాషలో శ్రద్ధగా గ్రహించినవారికి పరభాష దానంతటదే దారి ఇస్తుంది. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న పెద్దల మాట భాషాధ్యయనానికీ వర్తిస్తుంది.